గొట్టం పురుగు పట్టిన యేడు

మా యాదమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు నేను నల్లగొండలో మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. యాదమ్మ మా పెదనాయిన బిడ్డ. నాకంటే కొన్ని నెలలే పెద్దదైనా బతికినన్నాళ్ళూ నా మీద పెత్తనం చేసింది. నేను పంతులమ్మనై ఊళ్ళు పట్టుకు తిరిగితే, ఒక్కతే బిడ్డ కాబట్టి తను ఇల్లరికపు మొగుణ్ణి తెచ్చుకుని మర్రిగూడ దగ్గరి మా ఊళ్ళోనే ఉండిపోయింది. దినాలకు పోయాను. ఏడ్చేవాళ్ళు ఏడ్చి, తినేవాళ్ళు తిని వెళ్ళిపోయాక, మర్నాడు పొద్దున ఆమె కొడుకు నర్సింహ నన్ను పొలం చూద్దువుగాని రమ్మని తీసుకుపోయాడు. నాటు వేసి ఎన్నాళ్ళో కాలేదు. కూలికి వచ్చిన మనిషి ఒకడు వీపుకు డబ్బా కట్టుకుని, మూతికి తువ్వాల చుట్టుకుని మడిలో మందు కొడుతున్నాడు. ఆ ఘాటు నా గొంతులో పట్టుకుంది. "చిన్నమ్మా, జర ఇవుతలికి రా. గాలి ఇటే కొడ్తాంది" అన్నాడు నర్సింహ. ఏం పురుగు పట్టిందని అడిగాను. "ఏదో ఒకటి ఉంటది గద. ఉన్నా లేకున్నా కొట్టుడే" అని నవ్వాడు. ఒడ్డు పక్కన, నీటి మీద, బీడీ అంత కూడా లేని ఆకుముక్క ఒకటి గొట్టంలా చుట్టుకుని తేలుతోంది. వంగి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా తలుచుకోని మా అమ్మ గొంతూ మా పెద్దమ్మ గొంతూ ఆ క్షణాన ఒడ్డుకొకటిగా వినిపించాయి.

మా ఇల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి నడుమ మట్టిగోడ లేచి రెండిళ్ళయింది. ఇటు మేము, అటు పెదనాయిన వాళ్ళు. పంచుకోవడానికి వీలుగానిది మా నాయినమ్మ ఒక్కతే. ఆమెను మేమంతా అవ్వా అనేవాళ్ళం. అవ్వ పొద్దున మా పొయ్యి దగ్గర జొన్న గటుక తినేది, సాయంత్రం పెద్దమ్మ పొయ్యి దగ్గర తినేది. ఎండాకాలంలో ఎవరి పక్క చల్లగా ఉంటే వాళ్ళ వాకిట్లో పడుకునేది. నా చిన్నతనానికి ఒక వాసన ఉందంటే అది వేపాకుది. వడ్ల గుమ్మి నింపేటప్పుడు అవ్వ దగ్గర నిలబడి, ఒక వరుస గింజలు పోయగానే ఒక వరుస ఎండు వేపాకు, వావిలాకు పరిపించేది. కందులకు బూడిద రాయించేది. చీర మడతల్లో వేపాకే, పసిపిల్లల ఉయ్యాల కింద వేపాకు పొగే. గుమ్మి మూత తీస్తే ఆ చేదు వాసన ఇల్లంతా కమ్మేది, అన్నం ఉడికేటప్పుడు కూడా ఆవిరిలో సన్నగా తగిలేది. బళ్ళో చేరాక వేరే ఇళ్ళల్లో అన్నం తిన్నప్పుడు ఏదో తక్కువైందని నాకు తోచేది. తక్కువైంది ఆ చేదే.

పొలంలో కూడా అవ్వకు తన పద్ధతులుండేవి. దమ్ము చేసేముందు కానుగ రొట్ట, జిల్లేడు రొట్ట కోయించి బురదలో తొక్కించేది. తొక్కిన కాళ్ళకు దురద పుడితే "నీకే గట్లుంటె పురుగుకెట్లుంటదో సూడు" అని మురిసిపోయేది. నాటు పడ్డ మర్నాడు తుమ్మ మండలూ ఎండుకొమ్మలూ మడి నడుమ అక్కడక్కడా పాతించేది, పిట్టలు కూర్చోవడానికి. వాకిలి ఊడ్చి సానుపు చల్లగానే చుట్ట వెలిగించుకుని ఒడ్ల మీద తిరిగేందుకు పోయేది. పాలపిట్ట కొమ్మ మీద కనబడితే "వొచ్చినవా, మంచిగ తిను" అని మనుషులను పలకరించినట్టు పలకరించేది. యాదమ్మా నేనూ వెనక నుంచి ఆమె నడకను అనుకరించేవాళ్ళం. ఆమెకు తెలిసేది, తెలియనట్టుండేది.

ఇద్దరు తోడికోడళ్ళకు మాత్రం మాటలు లేవు. కారణం ఒక ఇసుర్రాయి. పంపకాల్లో ఇసుర్రాయి పెద్దమ్మ వంతుకు వచ్చింది. మా అమ్మ ఎప్పటిలాగే జొన్నలు విసురుకోవడానికి అటు పోతే, విసిరి లేచేటప్పుడు పెద్దమ్మ "రాయి కడిగి పెట్టిపో" అన్నదట. అంతే. ఇన్నేళ్ళు కలిసి విసిరినదానికి ఇవాళ నా చెయ్యి అంటు అయ్యిందా అని అమ్మకు మనసు విరిగింది. ఆ రోజు నుంచి గోడకు అటు తొంగిచూడలేదు. నాయినా పెదనాయినా బాగానే మాట్లాడుకునేవారు; ఆడవాళ్ళ సంగతి మాకెందుకన్నట్టుండేవారు. మాట చేరవేయాల్సి వస్తే అవ్వ చేరవేసేది. ఆమె లేకపోతే అమ్మ మా బర్రెతో చెప్పేది, గోడవతల పెద్దమ్మ తన కోడిపుంజుతో జవాబు చెప్పేది.

పొలం పంపకంలో పై మడి మాకు, కింది మడి వాళ్ళకు వచ్చింది. నీళ్ళు కుంట తూము నుంచి మా మడిలోకి వచ్చి, ఒడ్డుకు తీసిన సందులోంచి వాళ్ళ మడిలోకి పోవాలి. ఆ సందును మడవ అంటాం. ఆ యేడు వానలు ముందుగా పడి కుంట సగానికి నిండింది. నాట్లు పడ్డాయి. అంతలో దొర గడీకి టేకు దూలాలు కావాలని, అచ్చంపేట అడవి నుంచి తోలుకురావాలని ఊళ్ళో బండ్లున్నవాళ్ళందరికీ హుకుం వచ్చింది. వెట్టి బండ్లు. కాదనడానికి లేదు. మా నాయిన, పెదనాయిన ఎడ్లను కట్టుకుని పోయారు. ఎప్పుడొస్తారో చెప్పే దిక్కు లేదు. మా వంతు నీళ్ళు అప్పటికే పెట్టుకున్నాం. మడి నిండుగా ఉంది. అమ్మకు అదొక్కటే ధైర్యం.

ఒకనాడు పొద్దున గడ్డి కోయడానికి పోయిన అమ్మ ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. "అత్తా, మడి తెల్లగయింది. జర వొచ్చి సూడు" అన్నది. ఆ మాట విని నేనూ వెంట పరిగెత్తాను. నిజంగానే, ఎవరో సున్నం చిలకరించినట్టు మడి ఒక పక్కంతా తెల్లబారి ఉంది. ఆకుల పచ్చదనాన్ని ఏదో గీకి తినేసి పొరను మాత్రం వదిలేసింది. నీళ్ళ మీద గొట్టాల్లా చుట్టుకున్న ఆకుముక్కలు గాలికి ఒక మూలకు కొట్టుకొచ్చి తెట్టులా పేరుకున్నాయి. అవ్వ ఒకదాన్ని తీసి గోటితో చీల్చింది. లోపల లేత పచ్చటి పురుగు.

"గొట్టం పురుగు" అన్నది అవ్వ. "ఆకు కొస కత్తిరించుకొని ఇల్లు కట్టుకుంటది. పగలు నీళ్ళ మీద పడవ లెక్క తిరుగుతది, రాత్రి ఎక్కి మేస్తది. నీళ్ళు లేకుంటె దీనికి ఊపిరాడది. మోకు గుంజి ఆకు మీదున్నయన్ని కింద రాల్చాలె. రాల్చి నీళ్ళు తీసెయ్యాలె. మడి ఆరాలె."

"నీళ్ళు తీసేస్తె మళ్ళ యాడికెల్లి తేవాలె? మన వంతయిపాయె. కుంటల సూస్తె అడుగు కనవడ్తాంది."

"నీళ్ళుంచుకుంటె పురుగు బత్కుతది పిల్లా. నీళ్ళు మళ్ళ రావొచ్చు. ఆకు వోతె రాదు."

అమ్మ చాలాసేపు ఒడ్డు మీద కూర్చుంది. మా ప్రాంతంలో నిలిచిన నీటిని చేతులారా వదలడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. బోరు లేదు, మోటారు లేదు. ఆకాశం, కుంట, ఆ రెండే. పైగా ఇంట్లో మగమనిషి లేడు. పంట పోతే ఆ మాట జన్మంతా ఆమె మీదే ఉంటుంది. చివరికి కొంగు నడుముకు దోపుకుని లేచింది. "మోకు తెస్త" అన్నది.

మోకు మడి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా సాచి, రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని, ఆకుల మీదుగా లాక్కుంటూ నడవాలి. ఒక కొస అమ్మ పట్టింది. రెండో కొస నాకిచ్చింది. తడిసిన మోకు బరువుకు నేను మడిలోకే ఈడ్చుకుపోయి బురదలో బోర్లా పడ్డాను. నన్ను చూసి ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చిన యాదమ్మ కూడా చెయ్యి వేసింది. ఇద్దరం కలిసి పడ్డాం. అవ్వ చుట్ట పారేసి తను పట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. ఈ గడబిడ విని పెద్దమ్మ కింది మడిలోంచి పైకి వచ్చింది. చేతిలో పార ఉంది. నేరుగా వచ్చి మడవకు అడ్డంగా నిలబడింది.

"అత్తా, గామెకు జెప్పు. గీ మడవ తెరిస్తె ఊకోను. మీ పురుగంత తెచ్చి నా మడిల పోస్తరా?"

అమ్మ అవ్వ వంక చూసి, "అత్తా, గామెకే జెప్పు. తన మడి పై ఒడ్డు దిక్కు ఒకసారి సూసుకొమ్మను. నేను తెరువకముందే అటు పోయింది పురుగు" అన్నది.

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆమె మడిలో కూడా ఒడ్డు వెంట తెల్లటి చారలు మొదలయ్యాయి. పార నేలకు ఆనించి అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖంలో కోపం పోయి, మా అమ్మ ముఖంలో పొద్దున చూసిన భయమే వచ్చింది. మోకు రెండో కొస నేల మీద పడి ఉంటే, అవ్వ దానికి అంటిన బురదను తన కొంగుతో తుడవసాగింది. ఆ తుడవడం చూడలేకనో ఏమో, పెద్దమ్మ ఇంటికి పోయి ఒక పాత చీర, ఒక గంప తెచ్చింది. చీరను రెండు పొరలు చేసి మడవకు అడ్డంగా కర్రలతో బిగించింది. "నీళ్ళొస్తె రాని, పురుగు గీడ ఆగాలె" అన్నది. ఎవరితో అన్నదో తెలియదు. తర్వాత అవ్వ చేతిలోంచి మోకు కొస అందుకుని ఆ ఒడ్డు మీదికి నడిచింది.

మోకు లాగడం మొదలైంది. ఆకులు వరుసగా వంగి లేస్తుంటే గొట్టాలు చిటపటా నీళ్ళలో రాలాయి. ఒకరు ముందుపడితే మోకు ఏటవాలై ఆకుల మీద నుంచి జారిపోతుంది, కాబట్టి ఇద్దరి అడుగూ కలవాలి. అడుగు కలవాలంటే మాట కలవాలి. మడి వెడల్పుకు ఆ మాట కేకే అవుతుంది.

"మెల్లగ! ఉర్కకు!" అన్నది పెద్దమ్మ.

"నువ్వు గట్టిగ పట్టు, నడుమ జారుతాంది!"

"నేను గట్టిగనే పట్టిన. నీకే కోపమెక్కువ, దానికే గుంజుతున్నవ్!"

"కోపం రాదా మరి? రాయి కడిగి పెట్టిపొమ్మంటివి! నేనేం అంటుదాన్ననా?"

మోకు ఆగిపోయింది. పక్క పొలాల్లో కలుపు తీసేవాళ్ళు నడుములెత్తి చూశారు. పెద్దమ్మ ఆ ఒడ్డు నుంచి, అందరూ వింటున్నా లెక్కచేయక అరిచింది.

"నా బిడ్డకు గజ్జి లేసి ఉండె! పొద్దుగాల రాయి మీద చేతులు పెట్టి ఆడింది. నీ బిడ్డ గూడ గదే రాయి మీద ఆడుతది, అంటుతదని కడగమన్న. గజ్జి ఉన్నదని ఎట్ల జెప్పుదు? పేరువడ్డ ఇల్లు, నలుగురికి తెలిస్తె నగుబాటు గాదా?"

నా పక్కన యాదమ్మ తలదించుకుని నీళ్ళ మీది గొట్టాలు లెక్కపెడుతున్నట్టు నటించింది. మా అమ్మ మోకు వదలకుండానే ఒడ్డు మీద కూలబడింది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి పోతే నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "గీ మాట అప్పుడే చెప్తె ఏంబోయె అక్కా! వేపాకు నూరి నేనే పూసేదాన్ని గద!" అన్నది. అక్కా అన్న ఆ పిలుపు చాన్నాళ్ళ తర్వాత మా మడి మీదుగా అవతలి ఒడ్డుకు పోయింది. పెద్దమ్మ "లెవ్వు చెల్లె, పొద్దెక్కుతాంది" అన్నది.

మధ్యాహ్నానికి మడవ తెరిచారు. గొట్టాలన్నీ నీటితో వచ్చి చీరకు అడ్డం పడుతుంటే యాదమ్మా నేనూ గంపతో ఎత్తి ఒడ్డు మీద పోశాం. కొంగలు, గోరెంకలు మా కాళ్ళ దగ్గరికే వచ్చాయి. అవ్వ పాతించిన కొమ్మల మీద జాగా లేదు. మర్నాడు పెద్దమ్మ మడిలో కూడా అలాగే మోకు లాగి, నీటిని వాగులోకి వదిలేశారు.

ఈ కథంతా నర్సింహకు ఆ ఒడ్డు మీదే చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు. అతను చెడ్డవాడు కాదు. తల్లిని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. విని, "అంత మంచిగనే ఉంది గని చిన్నమ్మా, మోకు ఆ కొసకు ఎవరు పడ్తరు? పక్క పొలమాయన పట్నంల ఉంటడు. కౌలుకు చేసేటాయన ఏడాదికొకడు మారుతడు" అన్నాడు. ఆ రోజులను నేను బంగారం చేసి చెప్పదలచుకోలేదు. వెట్టి ఉండేది, ఆకలి ఉండేది. అవ్వ విద్య అన్నిసార్లూ పారలేదు కూడా. మరో యేడు మొగి పురుగు పట్టి కంకులన్నీ తెల్లగా ఎండిపోతే, ఎండిన కంకులు పీకి కాల్చడం తప్ప ఆమె ఏమీ చేయలేకపోయింది, అన్నం మానేసి పడుకుంది. అయినా మా మడి నీళ్ళు దోసిటపట్టి తాగేవాళ్ళం. చేపపిల్లలూ నత్తలూ కప్పలూ మాతో పాటు ఆ మడిలో బతికేవి. ఇప్పుడు మందు కొట్టిన మనిషి సాయంత్రం సబ్బుతో కడిగినా చేతుల వాసన పోక, బిడ్డను ఎత్తుకోవడానికి జంకుతున్నాడు. పంట అప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కొంగ ఒక్కటీ కనబడలేదు.

గొట్టం పురుగు పట్టిన ఆ యేడు మళ్ళీ నీళ్ళకోసం పడ్డ యాతన వేరు. మడి ఆరింది, పురుగు చచ్చింది, కొత్త ఆకు వేసింది. కానీ వాన రాలేదు. మా మడి చెలకమట్టి కలిసిన నేల, తొందరగా నెర్రెలు విచ్చింది. అమ్మ పొద్దునా సాయంత్రం పోయి ఆ నెర్రెల్లో వేలు పెట్టి చూసి వచ్చేది. అన్నం సహించేది కాదు. తూము దగ్గర నీళ్ళు వదిలే నీరటి ఎల్లయ్య ఒకనాడు వచ్చి పెద్దమ్మతో చెప్పాడు.

"అమ్మా, రేపు నీ వంతు. కుంటల ఉన్నయి ఒక్క మడికే సరిపోతయ్. పై మడిల తాగకుంట పక్కకెల్లి కాలువ గీసి నీ మడికే తీస్త. ఫికర్ చెయ్యకు."

పెద్దమ్మ గోడ మీదుగా మా వాకిట్లోకి చూసింది. అమ్మ వినబడనట్టు వంచిన తల ఎత్తలేదు. అడగడానికి ఆమెకు నోరు రాలేదు. "కాలువ వద్దు ఎల్లయ్యా" అన్నది పెద్దమ్మ. "పై మడి నిండనియ్యి. నాది రేగడి, ఇంక రెండొద్దులు ఆగుతది. మిగిల్తె నాకు ఇడువు."

"మిగలవమ్మా."

"మిగలకుంటె వానొస్తది."

వాన వచ్చింది గాని ఆలస్యంగా వచ్చింది. అప్పటికి పెద్దమ్మ మడి దిగువ మూల పూర్తిగా ఎర్రబడిపోయింది. ఆమె ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. నాయినా పెదనాయినా అడవి నుంచి చిక్కి సగమై తిరిగి వచ్చిన రోజున, ఇద్దరాడవాళ్ళు ఒకే ఒడ్డు మీద ఒకే గిన్నెలో అంబలి తాగుతుండడం చూసి బండి దిగకుండా అలాగే కూర్చుండిపోయారు. "ఏమైంది?" అన్నాడు పెదనాయిన. "ఏం గాలె. మడికి పురుగు వట్టింది" అన్నది పెద్దమ్మ, మూతి తుడుచుకుంటూ.

కోతలయ్యాయి. రెండిళ్ళ కళ్ళాలు పక్కపక్కనే. మా వడ్ల రాశి ఎత్తుగా లేచింది. వాళ్ళది చిన్నగానే ఉంది. దిగువ మూలలో కోసిన మోపుల్లో గడ్డి తప్ప గింజ లేదు. తూర్పారపట్టడం అయిపోయాక అమ్మ ఎవరితోనూ చెప్పకుండా, నాయిన వంక కూడా చూడకుండా, మా రాశిలోంచి గంపకు ఎత్తి నెత్తిన పెట్టుకుపోయి పెద్దమ్మ రాశి మీద కుమ్మరించింది. తిరిగి వచ్చి మళ్ళీ నింపుకుంది. చీపురుతో గింజలు దగ్గరికి ఊడుస్తున్న పెద్దమ్మ నడుమెత్తింది.

"ఏందే గిది? ఎవరు పొయ్యమన్నరు? తీసుకపో."

అమ్మ రెండో గంప కూడా వంచి, అడుగున అంటుకున్న గింజలను చేత్తో తట్టి రాల్చింది.

"నావి గావు అక్కా. నీ నీళ్ళే. గింజలై వొచ్చినయ్."